మా ఇంటికి కాఫీ మెషిన్ ఎంచుకున్న విధం – నా అనుభవం

మా ఇంట్లో కాఫీ అంటే చిక్కటి పాలలో చికోరీ కలిసిన పొడితో దిగిన డికాషన్ పోసుకుని తాగే ఫిల్టరు కాఫీయే. అత్తగారూ మామగారూ తెనాలి నుంచి హైదరాబాదు వచ్చి మాతో ఉంటున్నా ఆ రుచిని వదులుకోలేదు, వదులుకోమని మేమూ అడగలేదు. నేను బ్యాంకు ఉద్యోగిని. మా వారికి ఒక వారం పగలు, ఒక వారం రాత్రి డ్యూటీ. మామగారు తెల్లవారకముందే లేస్తారు. దాంతో నలుగురమూ నాలుగు వేళల్లో కాఫీ తాగుతాం, ఆ నాలుగు వేళల్లోనూ డికాషన్ తీసే పని అత్తగారి మీదే పడేది. ఆవిడ కుడి మణికట్టు నొప్పి ముదిరి, బరువు ఎత్తవద్దనీ గట్టిగా తిప్పే పనులు చేయవద్దనీ డాక్టరు చెప్పిన తరువాత, ఇంటికి ఒక కాఫీ మెషిన్ కొనే ఆలోచన మొదలైంది.

ఏ మెషిన్‌నూ చూడకముందే నాలుగు షరతులు కాగితం మీద రాసి పెట్టుకున్నాను. అత్తగారు ఎవరి సాయమూ లేకుండా దాన్ని వాడగలగాలి. మేము తాగే పొడితోనే అది పనిచేయాలి. కడగడానికి ఐదు నిమిషాలకు మించి పట్టకూడదు. ధర ఐదు వేల రూపాయల లోపు ఉండాలి. ఈ చివరి షరతును మా వారు పది వేల దాకా సడలించారు గాని, ఆయన మనసులో ఉన్నది మాల్‌లో తాగే కాపుచినో అని నాకు తెలుసు కనుక, ఆ సడలింపును నేను లెక్కలోకి తీసుకోలేదు.

పాత ఫిల్టరుతో వచ్చిన చిక్కు ఏమిటో ముందుగా చెప్పాలి, ఎందుకంటే మెషిన్ విషయంలో ఏం చూడాలో నాకు నేర్పింది అదే. మాది ఇత్తడి ఫిల్టరు. పై గిన్నెలో పొడి వేసి, గొడుగు లాంటి బిళ్లతో అదిమి, మరిగే నీళ్లు పోస్తే డికాషన్ కింది గిన్నెలోకి చుక్కచుక్కగా దిగుతుంది. మేము గిన్నెలు కడిగేది బోరు నీళ్లతో. ఆ నీళ్లు ఆరినప్పుడల్లా రంధ్రాల చుట్టూ తెల్లటి సున్నం పేరుకుంటుంది, దాని మీద చికోరీ జిగురు పట్టుకుంటుంది, కొన్నాళ్లకు సగం రంధ్రాలు మూసుకుపోయి రాత్రి పోసిన నీళ్లు పొద్దునకు కూడా పైనే నిలిచి ఉంటాయి. అప్పుడు అత్తగారు పై గిన్నెను పటకారుతో పట్టుకుని స్టవ్ మంట మీద బోర్లించి, రంధ్రాల్లోని మురికి ఎర్రగా కాలి రాలిపోయేదాకా తిప్పుతారు. పని చేసే ఉపాయమే అది, కాని మణికట్టు నొప్పి ఉన్నవారు చేయదగిన పని కాదు. వేడికి రెండు గిన్నెలూ బిగుసుకుపోయినప్పుడు వాటిని విడదీయడం అంతకన్నా కష్టం. అంటే మాకు కావలసింది కాఫీని తొందరగా ఇచ్చే యంత్రం కన్నా, మూసుకుపోని, బిగుసుకుపోని, ఒక చేత్తో కడగగలిగే యంత్రం.

మెషిన్ల కన్నా ముందు పొడి సంగతి తేల్చుకోవాలని కాఫీ గింజలు వేయించి, కళ్ల ముందే మర పట్టి ఇచ్చే దుకాణానికి వెళ్లాను. మేము ఎప్పుడూ కొనేది అక్కడే. నూటికి ఎనభై పాళ్లు కాఫీ, ఇరవై పాళ్లు చికోరీ. మనదేశంలో చికోరీ కలిపిన కాఫీ పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలనీ, ఏది ఎంత కలిపారో ప్యాకెట్ మీద ముద్రించాలనీ నిబంధన ఉంది. ప్యాకెట్ కొనేవారు ఆ చిన్న అక్షరాలు ఒకసారి చదివితే, తాము తాగేది సగానికి సగం చికోరీయేమో తెలుస్తుంది. చికోరీ ఒక మొక్క వేరు. దాన్ని ఎండబెట్టి వేయించి పొడి చేస్తారు. అందులో కెఫీన్ ఉండదు, కాని కాఫీ కన్నా ఎక్కువగా నీళ్లలో కరుగుతుంది, డికాషన్‌కు ముదురు రంగునూ చిక్కదనాన్నీ ఇస్తుంది. ఆ గుణమే, వేడి నీళ్లను ఒత్తిడితో పొడి గుండా తోసి చిక్కటి కాఫీ తీసే ఎస్ప్రెస్సో మెషిన్‌లో ఇబ్బంది తెస్తుందని దుకాణం పెద్దాయన చెప్పారు. "అమ్మా, మీరు ఎస్ప్రెస్సో మెషిన్ కొంటే ఈ పొడి తీసుకెళ్లకండి. చికోరీ తడిసి ఉబ్బి జల్లెడలో బంకలా పట్టేస్తుంది, నీళ్లు దిగవు. మెషిన్ పాడైందని మీరు కంపెనీకి ఫోను చేస్తారు, వాళ్లు పొడి బాగాలేదని నన్నంటారు" అని నవ్వారు. ఆయన అమ్మకానికి నష్టం కలిగించే మాటైనా చెప్పారు కనుక, దాన్ని నేను నమ్మాను. అయినా ఒకసారి కళ్లారా చూడాలనిపించింది.

ఆ అవకాశం మా తమ్ముడి ఇంట్లో దొరికింది. వాడి దగ్గర పంపుతో పనిచేసే ఎస్ప్రెస్సో మెషిన్ ఉంది. ఇలాంటివి నేను చూసినప్పుడు ఎనిమిది, తొమ్మిది వేల నుంచి పాతిక వేల దాకా ఉన్నాయి. డబ్బా మీద "15 బార్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, కొన్నిటి మీద "20 బార్" అని కూడా ఉంటుంది, బార్ అంటే ఒత్తిడిని కొలిచే కొలత, ఆ అంకె ఎక్కువైతే మెషిన్ గొప్పదన్నట్టు దుకాణాల్లో చెబుతారు. నిజానికి ఎస్ప్రెస్సో దిగడానికి పొడి దగ్గర కావలసిన ఒత్తిడి సుమారు 9 బార్లు మాత్రమే. పదిహేను, ఇరవై అన్నవి లోపలి చిన్న పంపు గరిష్ఠంగా ఇవ్వగలిగిన ఒత్తిడి. ఆ అంకెను చూసి రెండు మెషిన్ల మధ్య ఎంచుకోవడంలో అర్థం లేదు. అంతకన్నా చూడవలసింది నీళ్ల వేడి నిలకడగా 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉంటుందా, పొడి వేసే పిడి గిన్నె గట్టిగా ఉందా, దాని జల్లెడ ఒక పొరదా రెండు పొరలదా అన్నవి. ఒక పొర జల్లెడ అయితే పొడిని ఎంత మెత్తగా పట్టారన్న దాని మీదే అంతా ఆధారపడుతుంది, అందుకు మంచి గ్రైండరు కావాలి, మంచి గ్రైండరు ధర మెషిన్ ధరతో పోటీ పడుతుంది. రెండు పొరల జల్లెడకు కింద ఒకే సన్నటి రంధ్రం ఉంటుంది. అది తానే ఒత్తిడిని సృష్టిస్తుంది కనుక కొన్న పొడితో కూడా పైన నురగ తేలిన కాఫీ వస్తుంది. మొదటిసారి కొనేవారికి రెండో రకమే సులువు.

తమ్ముడు ముందు తన పొడితో, అంటే చికోరీ లేకుండా అరబికా రకం కాఫీ గింజలతో పట్టిన పొడితో, చేసి చూపించాడు. పద్దెనిమిది గ్రాముల పొడి కొలిచి, జల్లెడలో సమంగా సర్ది, అదిమి, మీట నొక్కాడు. అర నిమిషం తిరగకముందే చిన్న కప్పులోకి తేనె రంగు ధార దిగింది. రుచి బాగుంది, వాసన ఇంకా బాగుంది. తరువాత మేము తీసుకెళ్లిన పొడి వేశాడు. పంపు చప్పుడు మారిపోయి మూలుగులా వినిపించింది. కాసేపు ఏమీ రాలేదు, ఆ తరువాత నల్లటి చుక్కలు ఒకటీ అరా పడ్డాయి, పిడి అంచు నుంచి నీళ్లు పక్కకు చిమ్మాయి. పిడి విప్పితే గట్టిపడిన పొడి బిళ్లగా ఊడి రావడానికి బదులు, అడుగున నల్లటి బంక జల్లెడకు అంటుకుని ఉంది. "అక్కా, దీంతో మీ మామగారికి కాఫీ ఇస్తే నన్ను ఇంటికి రానివ్వరు" అని వాడు నవ్వుతూ, సూది తీసుకుని ఆ సన్నటి రంధ్రాన్ని పొడవడం మొదలుపెట్టాడు. దుకాణం పెద్దాయన మాట అక్షరాలా నిజమైంది.

అదే రోజు పాల సంగతి కూడా చూశాను. ఆవిరి గొట్టంతో పాలకు నురగ తెప్పించడం చూడటానికి బాగుంటుంది గాని, వాడిన ప్రతిసారీ వెంటనే తడి గుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి వదలకపోతే పాలు గొట్టంలో ఎండి, మరునాటికి పుల్లటి వాసన వస్తుంది. నలుగురికి కాఫీ కావాలంటే ఆ పని నాలుగుసార్లు. పైగా తెల్లవారుజామున ఆ పంపు చేసే మోతకు, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న మనిషి లేచి కూర్చోవడం ఖాయం. ఇంకొక లెక్క కూడా ఉంది. ఈ మెషిన్లలో చాలా వాటి మీద 1350 లేదా 1450 వాట్లు అని రాసి ఉంటుంది. మామూలు 6 యాంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర గరిష్ఠంగా 1380 వాట్లు మాత్రమే మోయగలదు. ఈ మెషిన్లు ఆ హద్దుకు దగ్గరగానో, దాన్ని దాటో ఉన్నాయి కనుక గీజరుకూ మైక్రోవేవ్‌కూ వాడే 16 యాంపియర్ల పెద్ద సాకెట్ కావాలి, మా వంటింట్లో అలాంటిది ఒక్కటే ఉంది, అది మైక్రోవేవ్‌ది. ఇంటికి వచ్చేసరికి మా వారు కూడా కాపుచినో మాట ఎత్తడం మానేశారు.

ఎలక్ట్రానిక్స్ దుకాణంలో ఇంకా తక్కువ ధరకు, మూడు నుంచి ఆరు వేల మధ్యలో, ఆవిరి ఒత్తిడితో పనిచేసే మెషిన్లు ఉన్నాయి. వీటిలో పంపు ఉండదు. నీళ్లు పోసి మూత మర బిగిస్తే లోపల నీరు కాగి, ఆ ఆవిరి ఒత్తిడితోనే నీళ్లు పొడి గుండా వెళతాయి. ఒత్తిడి నాలుగైదు బార్లకు మించదు. నీళ్లు మరీ వేడెక్కి పొడిని తాకడం వల్ల కాఫీలో మాడు వాసన వచ్చే అవకాశం ఎక్కువ. నన్ను వెనక్కి లాగింది మాత్రం రుచి కాదు, ఆ మూత. కాఫీ అయిన వెంటనే దాన్ని విప్పకూడదు. ప్రెషర్ కుక్కర్ లాగే ఆవిరి పూర్తిగా పోయేదాకా ఆగాలి, ఆ తరువాత గట్టిగా తిప్పి విప్పాలి. అమ్మే అబ్బాయి "చాలా ఈజీ మేడమ్" అంటూ చూపించబోయి, తానే రెండు చేతులతో పట్టి తిప్పాడు. నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ అప్పటికే మిక్సీల వైపు నడుస్తున్నారు.

క్యాప్సూల్ మెషిన్ విషయం తొందరగానే తేలిపోయింది. మా ఆఫీసులో ఒకటి ఉంది. ఒక కాఫీకి సరిపడా పొడి నింపి మూసిన చిన్న డబ్బీ లాంటి క్యాప్సూల్ పెట్టి మీట నొక్కడమే పని, కడగవలసింది దాదాపు ఏమీ లేదు, సులువు అన్న ఒక్క లెక్కలో దాన్ని మించింది లేదు. కాని ఒక్కో క్యాప్సూల్‌లో ఉండేది ఐదారు గ్రాముల పొడి, దానికి ఇచ్చే ధర మా ఇంట్లో ఒక కాఫీకి అయ్యే ఖర్చుకు కొన్ని రెట్లు. అందులో చికోరీ కలిసిన పొడి మాకు దొరకలేదు. ఒక కంపెనీ క్యాప్సూల్ ఇంకో కంపెనీ మెషిన్‌లో పట్టకపోవచ్చు కూడా. మెషిన్ చవకగా దొరికినా, ఆ తరువాత ప్రతి కాఫీకీ ఆ కంపెనీకి కప్పం కట్టాలి. ఒంటరిగా ఉండి రోజుకు ఒక్క కాఫీ తాగేవారికి అది సరిపోతుందేమో, రోజుకు ఎనిమిది, తొమ్మిది కాఫీలు వెళ్లే ఇంటికి కాదు.

మోకా పాట్‌ను మాత్రం నేను ఇష్టంగానే చూశాను. ఇటలీలో 1933లో బియాలెట్టి పేరుతో వచ్చిన ఆ చిన్న అల్యూమినియం పాత్ర ఇప్పటికీ దాదాపు అదే ఆకారంలో అమ్ముడవుతోంది. అడుగున నీళ్లు, నడుమ పొడి, పైన కాఫీ. స్టవ్ మీద పెడితే కింది నీళ్లు ఆవిరి ఒత్తిడికి పొడి గుండా పైకి చేరతాయి. కరెంటు అక్కర్లేదు, ధర వెయ్యి, రెండు వేల నుంచి మొదలవుతుంది, డికాషన్ చిక్కగా వస్తుంది, కొద్దిపాటి చికోరీని కూడా ఓర్చుకుంటుంది. మా ఆఫీసులో ఒకావిడ తనది ఇస్తే ఇంట్లో వాడి చూశాం. దాని అడుగు ఎంత చిన్నదంటే మన గ్యాస్ స్టవ్ కాళ్ల మధ్య నిలవలేక పక్కకు ఒరిగింది. దాని కోసం పైన పెట్టే చిన్న ఇనుప చట్రం విడిగా కొనాలి. ఇండక్షన్ స్టవ్ మీద అల్యూమినియంది పనిచేయదు, స్టీలుది కొనాలి. ఇవన్నీ సర్దుకోగలిగినవే. సర్దుకోలేనిది మళ్లీ ఆ బిగింపే, వాషరు గట్టిగా కూర్చునేలా రెండు ముక్కలనూ మర తిప్పి బిగించాలి, వేడి చల్లారాక అంతే బలంతో విప్పాలి. మా ఇంట్లో మణికట్టు నొప్పి లేకపోతే నేను అక్కడే ఆగిపోయేదాన్ని. అలాంటి ఇబ్బంది లేని ఇద్దరు, ముగ్గురు ఉన్న ఇంటికి, తక్కువ ఖర్చులో నేను చెప్పేది ఇప్పటికీ మోకా పాటే.

చివరికి మిగిలింది డ్రిప్ కాఫీ మేకర్. ఎవరూ దాన్ని గొప్పగా చెప్పుకోరు. దుకాణంలో అది కింది అరలో, ఇస్త్రీ పెట్టెల పక్కన ఉంటుంది. నేను చూసినవి పదిహేను వందల నుంచి మూడున్నర వేల దాకా ఉన్నాయి, 450 నుంచి 800 వాట్ల లోపు కరెంటుతో నడుస్తాయి కనుక మామూలు సాకెట్ చాలు. అది పనిచేసే తీరు తెలిశాక నాకు దాని మీద గౌరవం పెరిగింది. అందులో పంపు లేదు, కదిలే పెద్ద భాగమేదీ లేదు. తొట్టిలోని నీళ్లు సన్నటి గొట్టం గుండా కిందికి దిగుతాయి. అక్కడ హీటరుకు అంటుకుని ఉన్న లోహపు గొట్టంలో అవి మరిగి, పుట్టిన బుడగలు నీటిని పైకి తోస్తాయి. వెనక్కి పోకుండా దారిలో ఒక చిన్న వాల్వు అడ్డు ఉంటుంది. అలా పైకి చేరిన వేడి నీళ్లు పొడి మీద కొద్దికొద్దిగా పడి, డికాషన్ కింది గాజు జార్‌లోకి దిగుతుంది. నీళ్లు అయిపోతే వేడి పెరిగి థర్మోస్టాట్ హీటరును ఆపుతుంది. జార్ కింద ఉండే వేడి పలకకు కూడా అదే హీటరు వేడినిస్తుంది. అంటే మన ఫిల్టరు చేసే పనినే ఇదీ చేస్తుంది, నీళ్లు కాచి పోసే చేయి మాత్రం దానిది.

ఆ రకంలో ఏది కొనాలన్నదానికి నేను వాట్లూ రంగూ చూడలేదు. పొడి వేసే గిన్నె పూర్తిగా బయటికి వస్తుందా, రాదా అన్నది మొదట చూశాను. కొన్నిటిలో అది తలుపులా పక్కకు తెరుచుకుంటుంది గాని ఊడి రాదు, అప్పుడు కడగడానికి మెషిన్‌ను సింకు దగ్గరికి మోయాలి. జల్లెడ శాశ్వతమైనదా, దానికి బదులు కాగితం ఫిల్టరు కూడా పెట్టుకోవచ్చా అని చూశాను. తొట్టి మూత వెడల్పుగా ఉండి, చెంబుతో నీళ్లు పోస్తే పక్కకు ఒలకకుండా ఉందా అని చూశాను. అన్నిటికన్నా ముఖ్యంగా, గాజు జార్ పగిలితే అదొక్కటే విడిగా దొరుకుతుందా అని అడిగాను. వారంటీ కాగితంలో గాజు పగలడం, సున్నం పట్టి పాడవడం రెండూ చేరవు, కాని ఇంట్లో జరిగేవి ఆ రెండే. ఒక దుకాణంలో ఈ ప్రశ్నకు "కంపెనీని అడగాలి మేడమ్" అన్న జవాబు వచ్చింది. విడి జార్ అక్కడికక్కడే అరలో చూపించిన ఇంకో దుకాణంలో కొన్నాం. మూడు వేల లోపే అయింది.

కొన్న తరువాత మొదటి కొద్ది రోజులు డికాషన్ మా రుచికి పలచగానే వచ్చింది. దానికి కారణం మెషిన్ కాదు, దాని వెంట వచ్చిన కొలత. ఆ కొలత పాలు లేకుండా పెద్ద కప్పులో తాగే కాఫీది, అంటే లీటరు నీళ్లకు యాభై ఐదు, అరవై గ్రాముల పొడి. మనం డికాషన్‌ను మూడింతల పాలలో కలుపుతాం కనుక ఆ లెక్క మనకు పనికిరాదు. కొలుస్తూ, రుచి చూస్తూ చివరికి నిలిచిన మా లెక్క ఇది: 250 మిల్లీలీటర్ల నీళ్లకు నలభై గ్రాముల పొడి. తడిసిన పొడి తన బరువుకు దాదాపు రెట్టింపు నీటిని పట్టి ఉంచుకుంటుంది కనుక జార్‌లోకి దిగేది సుమారు 170 మిల్లీలీటర్లే. ఒక్కో గ్లాసుకు ముప్పై ఐదు, నలభై మిల్లీలీటర్ల డికాషన్, వంద మిల్లీలీటర్లకు కాస్త ఎక్కువగా పాలు. ఒకసారి తీస్తే నాలుగు కాఫీలు నిక్షేపంగా వస్తాయి.

పొడి మెత్తదనం కూడా మార్చవలసి వచ్చింది. ఇత్తడి ఫిల్టరుకు పట్టించే పొడి ఇందులో మరీ మెత్తన. నీళ్లు దిగే వేగం కన్నా పడే వేగం ఎక్కువైతే గిన్నె నిండి, పొడితో సహా అంచు మీదుగా పొర్లుతుంది. మళ్లీ దుకాణానికి వెళ్లి కొంచెం బరకగా పట్టమనీ, చికోరీ ఇరవైకి బదులు పదిహేను పాళ్లు వేయమనీ అడిగాను. పెద్దాయన మర చక్రాన్ని ఒక గీత వెనక్కి తిప్పి, పట్టిన పొడిని వేళ్ల మధ్య నలిపి నా అరచేతిలో వేశారు. బొంబాయి రవ్వ కన్నా సన్నం, మునుపటి పొడి కన్నా గరుకు. ఆ పొడితో డికాషన్ ఆగకుండా దిగింది. చికోరీ తగ్గించినందుకు పోయిన చిక్కదనం, అరబికాలో రోబస్టా అనే ఇంకో రకం కాఫీ గింజ కొంత కలిపించడంతో చాలావరకు తిరిగి వచ్చింది.

మామగారు మొదటిసారి ఆ కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, "అమ్మాయ్, కాఫీ బాగానే ఉంది, డికాషన్‌కు మాత్రం ఇంకాస్త బలం ఉండాలి" అన్నారు. ఆ బలం ఎక్కడి నుంచి తేవాలో అత్తగారే కనిపెట్టారు. నీళ్లు పొడి మీద పడటం మొదలైన వెంటనే స్విచ్చు ఆపి, పొడి నానేలా ఒక నిమిషం ఆగి, మళ్లీ వేస్తారు. మన ఫిల్టరులో పొడి నీళ్లలో చాలాసేపు నానుతుంది, మెషిన్‌లో నీళ్లు పడి వెళ్లిపోతాయి, ఆ తేడాను ఆవిడ స్విచ్చుతో సరిచేశారు. తీసిన డికాషన్‌ను వేడి పలక మీద వదిలేయరు, అరగంట దాటితే అది చేదెక్కుతుంది. వెంటనే చిన్న స్టీలు ఫ్లాస్కులో పోసి మూత పెడితే, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుని ఆలస్యంగా లేచిన మా వారికి కూడా అదే డికాషన్ సరిపోతుంది. పాలు మాత్రం ఇప్పటికీ స్టవ్ మీదే కాగుతాయి, ఆ పనిని ఏ మెషిన్‌కూ అప్పగించే ఉద్దేశం మాకు లేదు.

కాగితం ఫిల్టరు సంగతి ఒక మాట. మామగారు కొలెస్టరాల్ మాత్రలు వాడతారు. కాఫీ గింజలోని నూనెల్లో కెఫెస్టాల్ అనే పదార్థం ఉంటుంది, అది రక్తంలో చెడు కొలెస్టరాల్‌ను పెంచుతుంది. కాగితం ఆ నూనెలను చాలావరకు పట్టి ఉంచుతుంది, లోహపు జల్లెడ, నైలాన్ జల్లెడ అంతగా పట్టలేవు. అందుకని మేము ఎక్కువగా కాగితమే వాడుతున్నాం. రుచి కొంచెం తేలికపడిన మాట నిజమే, అది మామగారికి చెప్పకుండా దాచలేదు, ఆయన కూడా రెండు రోజులు గొణిగి ఊరుకున్నారు. కడిగే శ్రమ కూడా తగ్గింది. కాగితాన్ని పొడితో సహా మడిచి తులసి కోట పక్కన ఉన్న ఎరువు తొట్టిలో వేయడమే, గిన్నెను నీళ్ల కింద ఒకసారి తిప్పడమే. నాలుగు షరతుల్లో మూడోది అలా నెరవేరింది.

నీళ్ల విషయంలో జాగ్రత్త తప్పదు. హైదరాబాదులో బోరు నీళ్లు వాడే అపార్ట్‌మెంట్లలో బకెట్ల అంచులూ, గీజరు లోపలా ఎలా తెల్లబడతాయో అందరికీ తెలిసిందే. ఈ మెషిన్‌లో నీళ్లు మరిగే గొట్టం వేలి లావు కూడా ఉండదు, అందులో సున్నం పడితే నీళ్లు పైకి ఎక్కడం నెమ్మదిస్తుంది, చప్పుడు పెరుగుతుంది, చివరికి హీటరు పోతుంది. అందుకని తొట్టిలో తాగే నీళ్లు తప్ప కుళాయి నీళ్లు పోయకూడదని ఇంట్లో అందరికీ, పనిమనిషికి కూడా, చెప్పి ఉంచాను. అయినా డికాషన్ దిగడం మునుపటి కన్నా ఆలస్యమవుతోందని అనిపించినప్పుడు, అర లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కరిగించి తొట్టిలో పోసి, పొడి లేకుండా సగం నడిపి, ఆపి, అరగంట తరువాత మిగతాది నడుపుతాను. జార్‌లోకి సన్నటి తెల్ల పొలుసులు దిగుతాయి. ఆ తరువాత ఉత్త నీళ్లతో రెండుసార్లు నడిపితే చాలు. వెనిగర్‌తో కూడా ఈ పని అవుతుంది గాని, దాని వాసన కాఫీలో కొన్నాళ్లు వదలదు. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పుతో ఆ బెడద లేదు, ఖర్చూ నామమాత్రం.

ఈ మెషిన్‌కు ఉన్న హద్దు చుట్టాలు వచ్చినప్పుడు తెలుస్తుంది. పదిమందికి కాఫీ కావాలంటే వెంటవెంటనే రెండు, మూడుసార్లు తీయాలి. మొదటి విడత కాగానే తొట్టిలో చన్నీళ్లు పోస్తే, కాలి ఉన్న గొట్టంలో అవి ఒక్కసారిగా ఆవిరై పై నుంచి చిమ్ముతాయి. అందుకని స్విచ్చు ఆపి, మూత తెరిచి, ఐదు నుంచి పది నిమిషాలు చల్లారనిచ్చి రెండో విడత మొదలుపెట్టాలని అత్తగారు మెషిన్ పక్కన గోడకు కాగితం అంటించారు. పండగ రోజుల్లో అయితే చుట్టాలు రాకముందే మొదటి విడత తీసి ఫ్లాస్కులో పోసి పెడుతున్నాం, వాళ్లు కూర్చుని కబుర్లలో పడేసరికి రెండోది సిద్ధమవుతోంది.